మాది, మనది, పద్నాలుగు పాస్‌వర్డులు

నవంబర్ 3, సోమవారం

కెమెరాల పాస్‌వర్డ్ ఈరోజు లారీ ఎక్కి బీదర్ వెళ్ళిపోయింది.

అలంకారం కాదు. నిజంగానే. తాండూరు ఫ్యాక్టరీలో కాంటా గది కిటికీకి ఆనించి ఒక నాపరాయి బండ ఉండేది. లారీల తూకం చూసే రజియా అక్క దాని మీద ఎర్ర రంగుతో కెమెరాల పాస్‌వర్డ్ రాసుకుంది, చెరిగిపోకూడదని. చెరిగిపోలేదు. పొద్దున లోడులో ఒక బండ తక్కువ పడిందని కూలీలు దాన్నే ఎత్తి పెట్టేశారు.

"రూతూ, పాస్‌వర్డ్ పోయింది."

"మర్చిపోయినవా అక్కా?"

"మర్చిపోవుడు కాదు. పోయింది. పన్నెండు చక్రాల బండిల పోయింది."

పాస్‌వర్డులు దొంగలపాలైన కంపెనీల గురించి చదివాను. పాలిష్ పట్టి, తూకం వేసి, రవాణాకు వే బిల్లు ఇచ్చి మరీ సాగనంపిన కంపెనీ మాత్రం మాది ఒక్కటే అయి ఉంటుంది. ఇంకో వారంలో బీదర్‌లో ఎవరో మా భద్రత మీద పీట వేసుకుని ఉల్లిగడ్డలు కోస్తారు.

ఇక మిగిలింది ఎప్పటి దారే... నాగప్ప సార్‌కు ఫోన్. ఫ్యాక్టరీ పెద్ద గుమస్తా. కంపెనీ పాస్‌వర్డులు మొత్తం పద్నాలుగు. పద్నాలుగూ ఆయన తలలోనే. అడిగితే చెప్పడు — ఎక్కడున్నా సరే, పనే చేసి పెడతాడు, తన ఫోన్‌లోంచి. పెళ్ళిపందిట్లో అక్షింతలు ఎడమచేతిలోకి మార్చుకుని కరెంటు బిల్లు కట్టిన మనిషి.

ఎత్తాడు. "చెప్పమ్మా రూతూ..." వెనక నుంచి ఎవరిదో కేక — "గడ్డం పెట్టమన్న మిషన్ మీద, ఫోన్ పెట్టమన్లే!"

పట్నంలో కంటి ఆసుపత్రి. డాక్టరు బయటికి పంపించేశాడట. "ఫోనో, కన్నో తేల్చుకొని రాండ్రి."

నవంబర్ 4

నాగప్ప సార్ భార్య శాంతమ్మ ఆంటీ ఆఫీసు నంబర్‌కు ఫోన్ చేసింది. వికారాబాద్ ఆఫీసులో ఎత్తేది నేనే, కంప్యూటర్లు నేనే, చాయ్ చెప్పేదీ నేనే. అందువల్ల తిట్లు కూడా నాకే.

"మూడోసారి వాపస్ పంపిండు బిడ్డా డాక్టరు. కుడికన్ను మొత్తం పొర వచ్చింది, ఎడమది గూడ మసకనే. నిన్న తలుపుకు ఆరేసిన నా చీరెను చూసి 'రాండ్రి అక్కా, కూసోండ్రి' అన్నడు. ఆపరేషన్ అయినంక ఏడు దినాలు ఫోన్ ముట్టొద్దు, తెర చూడొద్దన్నరు. మీరు ఏడు నిమిషాలు గూడ ఇడ్వరు కద!"

నవ్వొచ్చింది. తర్వాత రాలేదు. ఆ మూడుసార్లలో రెండుసార్లు ఫోన్ చేసింది నేనే.

నవంబర్ 5

ఈ దినం ఉదయం పదకొండు గంటలకు, నేను, రూతు, బి.ఎస్సీ. కంప్యూటర్స్, మోమిన్‌పేట్ వాస్తవ్యురాలిని, కంపెనీ యజమాని సేటు గారి సముఖాన ఒక చారిత్రక ప్రతిపాదన ఉంచాను. సేటు ఆ సమయంలో బెల్లం పల్లీపట్టీ తింటున్నాడు.

"పాస్‌వర్డ్ మేనేజర్ అని ఉంటది సేటు."

"మేనేజరా? ఇప్పుడున్నోళ్ళే ఎక్కువైన్రు."

"మనిషి గాదు సేటు. తిజోరి అనుకోండ్రి. అన్ని పాస్‌వర్డులు అండ్లనే ఉంటయ్. ఒక్కొక్కరికి ఒక్కొక్క తాళం. ఎవరి తాళానికి ఏ అర తెరుచుకోవాలెనో మనం చెప్తం. ఎవరన్న పోతే వాళ్ళ తాళం బంద్."

"తాళంచెవులు దాచనీకె ఇంకో తాళమా?"

"తిజోరికి తాళం ఉండదా సేటు?"

పల్లీపట్టీ ఆగింది. సేటు ఆలోచిస్తే దవడలు ఆగుతాయి. అవి మళ్ళీ కదిలాక —

"సరే. నాగప్పకు ఏడు దినాలు లీవ్ ఇస్త. గా ఏడు దినాలల్ల ఆయనకు ఒక్క ఫోన్ గూడ పోవద్దు. పోయిందనుకో, అటునుంచి అటే పిలిపిస్త. రెండో కన్ను సంగతి వచ్చే చలికాలం చూద్దం. నీ తిజోరి ఏమో... అండ్ల నువ్వే కూసో."

సంధి కుదిరింది. ఒక మనిషి కళ్ళు, ఒక పోరి నోటి దూల. రెండూ పందెంలో ఉన్నాయి.

నవంబర్ 7

సేటు తన మాస్టర్ పాస్‌వర్డ్‌గా "పాస్‌వర్డ్" అని పెట్టబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. ఈ సేవను కంపెనీ మరవరాదు.

నవంబర్ 10, సోమవారం

తాండూరు. పొద్దుటి రైలు. కిటికీ పక్కన సీటు, ఒళ్ళో లాప్‌టాప్, ముఖంలో గాంభీర్యం. ఎదురుగా కూర్చున్న పెద్దమ్మ "టీచరమ్మవా?" అని అడిగితే ఔనన్నాను. అబద్ధమేమీ కాదు.

ఫ్యాక్టరీలో కోత మిషన్ల రొద, ప్రతిదాని మీదా తెల్లని రాతిపొడి — కీబోర్డు మీద, చాయ్ గ్లాసు మీద, నాగప్ప సార్ కనురెప్పల మీద. శిష్యులు ఇద్దరే: సార్, రజియా అక్క.

మొదటి పాఠం: మాస్టర్ పాస్‌వర్డ్. "ఒక్కటే గుర్తుంచుకోవాలె. నాలుగు మాటలు కలిపి పెట్టుకోండ్రి, మీకు తప్ప ఇంకెవరికీ తట్టనివి. నాకు గూడ చెప్పొద్దు."

రజియా అక్క: "నీకు జెప్తే ఏమైతది?"

"నేను గూడ దొంగనే అనుకో అక్కా. గదే దీని సిద్ధాంతం."

"అనుకునేదేముంది," అంది అక్క. పెన్ను నా దగ్గరే ఉందట, పోయినసారిది.

రెండో పాఠం: పాత పాస్‌వర్డులు లోపల పెట్టడం. ఇక్కడ మహా రహస్యం బట్టబయలైంది.

"జీఎస్టీది చెప్పండ్రి సార్."

సార్ గొంతు సవరించుకున్నాడు. "అది... మా ఇంట్లామె పేరు. ఎట్. ఒకటి."

"పేరు?"

"గదే."

"ఏదే సార్?"

"గామె పేరేనమ్మా!" చెవులు ఎర్రబడ్డాయి.

రజియా అక్క కాంటా మీద ఉన్న లారీని చూస్తూనే, "శాంతమ్మ. రాస్కో. సార్ పెండ్లాం పేరు నోటితోని అనడు, ముప్పై ఏండ్ల సంది."

కరెంటుది? శాంతమ్మ, ఎట్, రెండు. వే బిల్లుది? శాంతమ్మ, ఎట్, మూడు. ఇలా పద్నాలుగు దాకా. సార్ పాస్‌వర్డులు ఎందుకు చెప్పడో ఇన్నేళ్ళకు తెలిసింది. కంపెనీని కాపాడింది ఏ యంత్రమూ కాదు, ఒక భర్త సిగ్గు.

ఆయన ప్రేమకు తొమ్మిది అక్షరాలు, ఒక అంకె, ఒక ప్రత్యేక చిహ్నం. ఇంతకన్నా ఎవరు మాత్రం ఏం ఇవ్వగలరు.

నవంబర్ 11

కొత్త పాస్‌వర్డులు. యంత్రమే తయారుచేస్తుంది — ఇరవై అక్షరాలు, అర్థం పర్థం లేనివి. ఒక్కో శాంతమ్మను తీసేసి, ఆ చోట కాకిగీతల్లాంటి ఒక వరుస. నాగప్ప సార్ ప్రతిసారీ తెరవైపు వంగి, "ఇది పలికేదెట్లమ్మా?" అంటాడు.

"పలకొద్దు సార్. ఎవ్వరూ పలకొద్దు."

"మరి దీనికి మనుసెట్ల ఒప్పుతది?"

ఏడో శాంతమ్మ దగ్గర కాసేపు ఆపి చాయ్ తాగాం.

తిజోరిలో అరలు రెండు చేశాను. మొదటిది తాండూరు వాళ్ళకే: కాంటా, కెమెరాలు, బోరు మోటారు. మిగతావి రెండు ఊళ్ళ వాళ్ళకూ. ఒకటి ఫ్యాక్టరీ అర, ఒకటి ఉమ్మడి అర అని పెట్టి ఉండొచ్చు. కానీ నాలో ఒక భాషాపండితురాలు ఉంది, ఖాళీగా. మొదటి అరకు "మాది" అని, రెండోదానికి "మనది" అని పేర్లు పెట్టాను. వినేవాళ్ళను బయట పెడితే 'మా', కలుపుకుంటే 'మన'. ఒక్క అక్షరం తేడాలో మొత్తం భద్రతావిధానం. నా తెలివికి నేనే కాసేపు మౌనం పాటించాను.

మాదిలోకి నాకు ప్రవేశం లేదు. నేనే పెట్టుకోలేదు. అవసరం లేని తాళం ఎవరి దగ్గరా ఉండకూడదని పొద్దున్నే ఉపన్యాసం ఇచ్చి ఉన్నాను. మాది తాళాలు సార్‌వి, రజియా అక్కవి మాత్రమే.

తిరుగు రైలుకు ముందు సార్ లేచి, "పా అమ్మా, మేము మిర్చి తిందం" అన్నాడు. సార్‌తో ఇదొక తమాషా. కొత్తగా చేరినప్పుడు "పా, మేము పోదం" అంటే నన్ను రమ్మనలేదనుకుని కూర్చుండిపోయాను. ఆయన గుమ్మంలో నిలబడి పది నిమిషాలు నాకోసం చూశాడు. ఇప్పుడు నా చెవి ఆయన 'మా'ను 'మన'గా దానంతటదే మార్చుకుంటుంది.

మిర్చి బాగుంది.

నవంబర్ 13

రజియా అక్క ఫోన్. గోడల మీద, క్యాలెండర్ మీద, తలుపు వెనక, మూడు బండల మీద ఉన్నవన్నీ తుడిచేసిందట. "ఫ్యాక్టరీ బోడిగయింది రూతూ. నీదే బాధ్యత."

స్వీకరించాను.

నవంబర్ 15, శనివారం

మనదిలో పది చేరాయి. మాదిలో మూడు ఉన్నాయని అక్క చెప్పింది. మిగిలింది ఒక్కటే, పట్నంలో మన బండలు కొనే పెద్ద బిల్డరు పోర్టల్. వాళ్ళ సైటులోకి లారీ పోవాలంటే అందులో ముందే టైము బుక్ చెయ్యాలి. నెలకు ఒకటి రెండుసార్లే దాంతో పని.

"అది నేను పెడ్త తియ్యమ్మా, చేతులు అలవాటు పడనీ," అన్నాడు సార్.

సాయంత్రం నాలుగుకు ఫోన్. "పెట్టిన రూతూ. మాదాంట్ల పెట్టిన. నా చేతులతోని."

భేష్ సార్! పద్నాలుగుకు పద్నాలుగు. కాగితం మీద ఆఖరి టిక్కు పెట్టి, కింద రెండు గీతలు గీసి, సంతకం చేశాను. ఎవరూ అడగలేదు.

సోమవారం నుంచి లీవ్. ఫోన్ శాంతమ్మ ఆంటీ సంచిలోకి.

నవంబర్ 16

మందిరంలో అమ్మ పక్కన. కళ్ళు మూసుకుని చాలాసేపు ఉన్నాను.

"ఏం ప్రార్థన చేసినవ్ బిడ్డా గంతసేపు?"

"ఒక కన్ను కోసం."

"ఏ కన్ను?"

"కుడిది."

అమ్మ నా రెండు కళ్ళూ చూసింది. 

నవంబర్ 17, సోమవారం

మొదటి రోజు. వే బిల్లులు నాలుగు తీశాను. మనది తెరిచి, ఒక్క నొక్కు, లోపలికి. సేటు నా వెనక నిలబడి చూశాడు. "గంతేనా?"

"గంతే."

"నాగప్ప అర్ధగంట తీసుకుంటడు."

"పేరు కొట్టేముందు సిగ్గుపడతడు సేటు. దానికి టైం పడ్తది."

సేటుకు అర్థం కాలేదు. రాజ్యరహస్యాలు కొన్ని అలాగే ఉండాలి.

నవంబర్ 18

ఆపరేషన్ నిన్ననే అయింది. కుడికన్ను. మంచిగ ఉందట. శాంతమ్మ ఆంటీ రజియా అక్కకు చెప్పింది, అక్క నాకు చెప్పింది, నేను సేటుకు చెప్పాను. ఆయనకు మాత్రం ఎవరూ ఫోన్ చెయ్యలేదు.

నవంబర్ 19

శాంతి. అనుమానాస్పదమైన శాంతి.

నవంబర్ 20, గురువారం

భోజనం డబ్బా తెరవకముందే రాస్తున్నాను, వరుసగా.

పది ముప్పావు. పట్నం బిల్డరు ఆఫీసు నుంచి ఫోన్: మూడు లారీల బండలు రేపే కావాలి, పోర్టల్‌లో టైము బుక్ చెయ్యండి, పన్నెండింటికి మూసేస్తాం, తర్వాత ఆ టైము ఇంకో కంపెనీకి. తాండూరులో మూడు లారీలూ లోడై కాంటా దగ్గరే ఉన్నాయి. ఇంకేం, చిటికెలో పని. మనది తెరిచాను.

లేదు.

పది ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టాను. పదే. శనివారం టిక్కు పెట్టిన కాగితం తీశాను. టిక్కు ఉంది. కింద గీతలు ఉన్నాయి. సంతకం కూడా ఉంది. పాస్‌వర్డ్ లేదు.

పాస్‌వర్డ్ మర్చిపోయారా అనే లంకె ఉంటుంది కదా — నొక్కితే ఓటీపీ సార్ ఫోన్‌కే పోతుంది. ఆ ఫోన్ నంబర్ మార్చమని పోయినవారమే వాళ్ళకు రాశాం, పరిశీలిస్తున్నారట. నొక్కితే ఆంటీ సంచిలో ఫోన్ మోగుతుంది. ఆయన కట్టు కన్నుతో తెర చూస్తాడు. అది ఫోన్ చేసినట్టే.

పదకొండు ఐదు. సేటు కుర్చీలోంచి: "అయిందా?"

"అయితుంది సేటు."

అబద్ధమని ఆయన పట్టేసినట్టు దవడలు ఆగడంలోనే తెలిసింది.

పదకొండు పావు. ఒక పాడు ఆలోచన. కావాలనే పెట్టలేదేమో. ఒక్కటి తన దగ్గర ఉంచుకున్నాడేమో. ఇన్నేళ్ళు ప్రతివాడూ పిలిచిన మనిషి... ఒక్కసారైనా పిలవాలని. పెట్టిన అని నాతో చెప్పి. నాగప్ప సార్ గురించి ఇలా అనుకున్నాను. రాస్తున్నాను, ఎందుకంటే ఇది దాచిపెట్టాల్సింది కాదు.

పదకొండు ఇరవై. సేటు లేచి నా బల్ల దగ్గరికి వచ్చాడు. చేతిలో ఫోన్. "బస్ రూతమ్మా. మూడు లారీలు. నాగప్పకు కొడుతున్న."

"సేటు, పది నిమిషాలు."

"పది నిమిషాలల్ల ఏం చేస్తవ్?"

"తెల్వదు. ఇయ్యండ్రి."

ఆయన వేలు సార్ పేరు మీదే ఉంది. ఎడమ కన్ను అక్కడ ఆ వేలి కింద ఉంది. వచ్చే చలికాలం దాకా చీరెలకు నమస్తే పెట్టుకుంటూ.

కళ్ళు మూసుకున్నాను. సార్ శనివారం ఏమన్నాడు? పెట్టిన రూతూ. తర్వాత? నా చేతులతోని. మధ్యలో? మధ్యలో ఒకటి అన్నాడు. నేను విన్నాను. "మనదాంట్ల పెట్టిన" అని విన్నాను.

ఆయన మనదాంట్ల అనలేదు. శనివారం నేను రాసుకున్నదీ అది కాదు.

"మాదాంట్ల పెట్టిన."

ఆయన 'మా'ను 'మన'గా మార్చుకోవడానికి అలవాటుపడ్డ నా చెవి, ఆరోజు కూడా మార్చేసింది. వాళ్ళింట్లో కన్నడ. కన్నడలో 'మా'కూ 'మన'కూ ఒకటే మాట — నమ్మ. మేమూ మనమూ వాళ్ళకు వేరు కాదు, అందరూ లోపలే. తెర మీద మాది, మనది కనిపిస్తే ఆయనకు రెండూ ఒకే తలుపు. ముందున్న దాంట్లో పెట్టాడు. పెట్టి, నాకు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇన్నేళ్ళలో ఈ ఒక్కసారే ఆయన 'మా' అంటే 'మా'యే.

భాషాపండితురాలిని చెప్పుతో కొట్టాలి.

పదకొండు ఇరవై ఎనిమిది. రజియా అక్కకు ఫోన్. హారన్ల మోత.

"అక్కా, తిజోరి తెరువు!"

"కాంటా మీద బండి ఉంది!"

"బండిని ఆడ్నే ఉండనియ్. మాది తెరువు. నాకు అండ్లకు తాళం లేదు. నీకొక్కదానికే ఉంది."

"ఇప్పుడు తెలిసిందా తాళం ఎందుకుండాలెనో?"

"తర్వాత తిట్టక్కా!"

కొడుతోంది. ఒక్కో అక్షరం. ఫోన్‌లో డ్రైవర్ గొంతు: "అక్కా, మంత్రం సదువుతున్నవా, బండిని దించుతవా?"

"నీ మొఖం అటు పెట్టు యాదగిరీ. నాలుగు మాటల పాస్‌వర్డ్. మధ్యల మాట్లాడ్తే మొదటికొస్తది."

తప్పు కొట్టింది. మళ్ళీ. నేను బల్ల అంచు పట్టుకున్నాను. సేటు నన్ను చూస్తున్నాడు, తెరను కాదు.

"తెరుసుకుంది. కాంటా... కెమెరాలు... మోటారు... ఇగో ఇంకోటుంది. పట్నం సైటు అని. ఇదేనా? సదువుతున్న రాస్కో — పెద్ద కే, చిన్న..."

"సదవొద్దు!" ఎంత గట్టిగా అరిచానంటే వీధిలో ఆటో ఆగింది. "ఫోన్‌ల పాస్‌వర్డ్ సదవొద్దక్కా! దాన్ని పట్టుకొని మనదిలకు జరుపు."

"సచ్చేటట్టున్నవ్ గాని ఉపన్యాసం ఇడువవు. జరిపిన. వచ్చిందా?"

మనది. పది. పది. పది.

పదకొండు.

పదకొండు నలభై నాలుగుకు మూడు లారీలకూ టైము బుక్ అయింది. తెర మీద ఆకుపచ్చ టిక్కు — ఈసారి నేను పెట్టింది కాదు, నిజమైనది.

సేటు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. కుర్చీ దగ్గరికి వెళ్ళి, ఆగి, వెనక్కి తిరిగి, "చాయ్ చెప్పు" అన్నాడు. తర్వాత, "ఒద్దు. నేను చెప్త. నువ్వు కూసో."

వికారాబాద్ ఆఫీసు చరిత్రలో సేటు చాయ్ చెప్పడం ఇదే మొదలు. శాసనం వేయించాలి. రాయికి కొదవ లేదు.

నవంబర్ 21

సార్ గురించి ఆ పాడు ఆలోచన... పదకొండు పావు నుంచి పదకొండు ఇరవై ఎనిమిది దాకా. పదమూడు నిమిషాలు.

అరల పేర్లు మార్చాను. "తాండూరు ఒక్కటే." "తాండూరు–వికారాబాద్." అందంలేదు. అందం అక్కర్లేదు.

నవంబర్ 23, ఆదివారం

ఏడో రోజు. శాంతమ్మ ఆంటీ స్వయంగా నా ఫోన్‌కు.

"ఏమాయె బిడ్డా, కంపెనీ మూతపడ్డదా?"

"లేదాంటీ. మంచిగ నడుస్తుంది."

"ఫోన్ మోగకపోయే! ఈయన 'అది చెడిపోయినట్టుంది, జర చూడు' అని నాలుగుసార్లు అన్నడు. ఇగ పరేషాన్ ఎక్కువై నా ఫోన్‌కెల్లి ఆయన ఫోన్‌కు కొట్టి చూపిచ్చిన. మోగింది. 'మంచిగనే ఉంది' అన్నడు. మొఖం చిన్నగ చేసుకొని."

సున్నా. ఏడు రోజులు, సున్నా ఫోన్లు. (భార్య చేసినది లెక్కలోకి రాదు — కమిటీ తీర్పు. కమిటీ అంటే నేను.)

నాన్న ఆటో ముందు సీట్లో కూర్చుని మోమిన్‌పేట్ చౌరస్తా దాకా ఊరికే ఒక చుట్టు వేయించుకున్నాను. విజయయాత్ర. "ఏం గెలిచినవే?" అని నాన్న. "కన్ను." "గా కన్నేంది, వారం సంది?" ఇద్దరం చెరుకురసం తాగాం.

నవంబర్ 24, సోమవారం

సేటు, నేను కలిసి తాండూరు, కారులో. సేటు ఫ్యాక్టరీ గేటు దాటగానే దిగి, నల్లద్దాలు పెట్టుకుని కుర్చీలో కూర్చున్న నాగప్ప సార్ ముందు నిలబడి, "ఎడమ కన్నుకు ఎప్పుడు పోతవ్? డిసెంబర్‌లనే పో. లీవ్ రాసిచ్చిన" అన్నాడు. కాంటా వైపు వెళ్ళిపోయాడు.

గెలిచాం! రజియా అక్క నా వీపు మీద ఒక్కటిచ్చింది. రాతిపొడి లేచింది.

సార్ అద్దాలు తీసి నన్ను చూశాడు. కుడికన్ను తేటగా, కడిగిన బండలా. "నీకు గింత పెద్ద మొటిమ ఉందా రూతూ? కొత్తదా?"

"పాతదే సార్. మీ కన్ను కొత్తది."

నవ్వాడు. తర్వాత, చాయ్ గ్లాసు తిప్పుతూ, మెల్లగా: "ఒక్కపారి గూడ అక్కెర పడలేదామ్మా?"

చెప్పకుండా ఉండొచ్చు. చెప్పాను. గురువారం మొత్తం — మాది, మనది, నా చెవి. పదమూడు నిమిషాల సంగతి కూడా. అది చెప్పేటప్పుడు ఆయన మొహం చూడలేదు.

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"నేను చెప్పిన కద. మాదాంట్ల అని."

"చెప్పిన్రు సార్."

"మంచిగనే చెప్పిన కద?"

"మంచిగనే చెప్పిన్రు. నేనే తప్పు విన్న."

"రజియా!" అని కేకేశాడు. "ఇన్నవా? కంప్యూటర్ల డిగ్రీ జేసింది. నా మాట తప్పు ఇన్నదట!" మొహం మొత్తం వెలిగిపోయింది. మధ్యాహ్నం దాకా వచ్చిన ప్రతి డ్రైవర్‌కూ చెప్పాడు. పదమూడు నిమిషాల గురించి మాత్రం ఎవరితోనూ అనలేదు.

నవంబర్ 27, గురువారం

మళ్ళీ తాండూరు. ఎడమ కన్నుకు పోయేలోపు సార్‌కు అన్నీ ఇంకోసారి చూపించాలని వచ్చాను. అవసరం లేకపోయింది. ఆయనే నాకు చూపించాడు — వే బిల్లు ఒక్క నొక్కుతో తీసి, నా వైపు తిరిగి, కొత్త కన్ను కొట్టాడు. డాక్టరు వద్దనుంటాడు.

తర్వాత తెరకు దగ్గరగా వంగాడు. "ఇది ఏందిది? ఈ మూలకు. ముందల కనపడలేదు నాకు."

ప్రతివాళ్ళకూ ఒకటి ఉంటుంది. సొంత అర. కంపెనీకి సంబంధం లేదు. నేను చూడలేను, సేటు చూడలేడు.

"అది మీదే సార్. మీ ఒక్కరిదే. ఏమన్న పెట్టుకోవచ్చు."

"ఏం పెట్టుకోవాలె?"

"మీ ఇష్టం."

ఆలోచించాడు. నేను నాలుగు జోకులు సిద్ధం చేసుకున్నాను. ఏదీ వాడబుద్ధి కాలేదు. ఇన్నేళ్ళు కంపెనీవి పద్నాలుగు మోసిన తల. దాంట్లో సొంతానికి ఒక్కటి వెతుకుతోంది.

"ఉత్త పాస్‌వర్డులేనా? మాటలు గూడ రాస్కోవచ్చునా?"

"రాస్కోవచ్చు."

"కన్నడల?"

"కన్నడల గూడ." కీబోర్డ్ మార్చి ఇచ్చాను. నాకు కన్నడ చదవడం రాదు. రజియా అక్కకూ రాదు. అయినా ఆయన మా ఇద్దరినీ చూసి, "జర పనులు చూస్కోరాదుండ్రి," అన్నాడు.

అక్క కాంటా దగ్గరికి పోయింది. నేను కిటికీ దగ్గర, వీపు ఆయనవైపు పెట్టి, ఇది రాస్తున్నాను. వెనక ఒక్క వేలితో కొట్టే చప్పుడు. టక్. ఆగుతుంది. టక్. టక్. ఇంత పొడుగు పాస్‌వర్డ్ ఉండదు. రెండు లారీలు తూకం అయి వెళ్ళిపోయాయి.

ఒకసారి నవ్వాడు, తనలో తనే. ఇప్పుడు ఆగాడు... అయిపోయిందేమో...

లేదు. మళ్ళీ మొదలుపెట్టాడు.